డ్రైవర్‌కు కక్కులు రావు

మా చుట్టాల ఇళ్ళల్లో ఏ పెళ్ళి ఆల్బమ్ తెరిచినా మా అమ్మ కనిపించదు. పెళ్ళికి వెళ్ళలేదని కాదు, వెళ్ళింది. ఫొటోలు తీసే వేళకు ఏ పక్క గదిలోనో చాప మీద, ముఖాన తడిగుడ్డ వేసుకుని, పక్కన బకెట్ పెట్టుకుని పడుకుని ఉంది. బస్సైనా, జీపైనా, ఆటో అయినా అంతే. ఇంజన్ స్టార్టయి ఆ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, అప్పట్లో మేముండే మచ్చ బొల్లారం దాటకముందే కక్కులకని పెట్టుకున్న కవరు చేతిలోకి వచ్చేది.

అలాంటి మనిషికి దేవుడు వెతికి వెతికి లారీ డ్రైవర్‌ను మొగుడిగా ఇచ్చాడు. మా బాపు ముప్పై ఏళ్ళు డీజిల్ వాసనలోనే బతికాడు. నాసిక్ నుంచి ఉల్లిగడ్డ, రాజస్థాన్ నుంచి బండలు, ఇలా దేశమంతా తిరిగాడు కానీ పెళ్ళాన్ని పక్క జిల్లాకు కూడా తీసుకుపోలేకపోయాడు. ఇంటికొస్తే బయటి నల్లా దగ్గరే స్నానం చేసి, అంగీ మార్చుకుని, ఆ తరువాతే గడప దాటాలి. అది అమ్మ పెట్టిన రూలు. లారీల వాళ్ళందరినీ హడలెత్తించే బాపు ఈ ఒక్క రూలుకు మాత్రం కిక్కురుమనేవాడు కాదు.

అమ్మకు అన్నదమ్ములు లేరు. ఉన్నది ఒక్క అక్క, మా పెద్దమ్మ. కరీంనగర్ దాటాక ఒక ఊళ్ళో, తాత ఇంట్లోనే ఉంటుంది. తాత, అవ్వ పోయాక అమ్మకు పుట్టినిల్లు అంటే పెద్దమ్మే. ఒడిబియ్యం పోయాల్సింది కూడా ఆమే. పెళ్ళయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్ళు పీటల మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు చీర కొంగులో పోసి పంపడం మా దిక్కు ఎంత పెద్ద మర్యాదో చెప్పలేను. బేసి ఏళ్ళలోనే పోస్తారు. పోయినసారి పోసినప్పుడు అమ్మ పీట మీద కూర్చుంది, అయిదుగురు ముత్తయిదువుల్లో ఇద్దరు పోశారు, మూడో ఆమె దోసిలి ఎత్తే లోపల అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పరుగెత్తింది. ఒళ్ళోని బియ్యమంతా ఇల్లంతా పడింది. పెద్దమ్మ ఆ గింజలు ఏరుతూ ఏడ్చిందట. ఆ తరువాత అయిదో ఏడు పిలిచింది, అమ్మ వెళ్ళలేదు. ఏడో ఏడు పిలిచింది, వెళ్ళలేదు. "ముసల్దాన్ని అయితన్న, ఇగ నాకెందుకక్క ఒడిబియ్యం" అని ఫోన్లో నవ్వుతూ చెప్పి, ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లో గిన్నెలు తోమేది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది.

తొమ్మిదో ఏడు వచ్చింది. ఆ ఏడే నేను ఎలక్ట్రిక్ కారు కొన్నాను.

నాకు ముప్పై ఒకటి. శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తాను. ఉండేది మేడ్చల్‌లో, కొత్తగా లేచిన కాలనీలో. పెళ్ళి చేసుకోమంటే కారు చేసుకుందని మా వాళ్ళంతా నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను. షోరూంలో అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపులు మూసి, బండి స్టార్ట్ చేశాను. అమ్మ ముక్కు ఎగరేసి వాసన చూసింది. అటు చూసింది, ఇటు చూసింది.

"ఇంక స్టార్ట్ జెయ్యలేదా బిడ్డా?"

"చేసి అయిదు నిమిషాలైంది."

"వాసన లేదు! వణుకుడు లేదు! ఏం లేదు!" అని అమ్మ నా భుజం పట్టుకుని ఊపేసింది. షోరూం అబ్బాయి చెప్పిన లెక్కలేవీ నేను వినలేదు. ఆ క్షణంలోనే కొనేశాను. పర్యావరణం కోసం కొన్నావా అని ల్యాబులో అడిగితే అవునన్నాను. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

బాపుకు మాత్రం అది బండిలా అనిపించలేదు. చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్ తెరిపించి, లోపల ఇంజన్ కనిపించకపోయేసరికి ఎవరో మోసం చేశారన్నట్టు నా ముఖం చూశాడు. "సప్పుడు లేని బండి బండెట్లయితదే? ఎన్కనుంచి అస్తాందని మనిషికెట్ల తెల్వాలె?" అన్నాడు. అయినా నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు ఆయనే పెట్టాడు. స్టీరింగ్‌కు దండం కూడా పెట్టాడు, నేను చూడలేదనుకుని.

మా పక్కింట్లో కాకినాడ నుంచి వచ్చిన అంకుల్ ఉంటారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన రోజూ గేటు దగ్గర నిలబడి, "ఏమ్మా, ఇవాళ ఎంత శాతం ఉందండీ?" అని అడిగేవారు, మా కారుకు జ్వరమొచ్చినట్టు. ఒకరోజు, "కరెంటు బొగ్గుతోనే కదండీ తయారవుతుంది? పొగ ఇక్కడ లేదు కానీ అక్కడుంటుంది" అన్నారు. నాకు చర్రున కోపమొచ్చింది. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. ఆ బొగ్గు మా పెద్దమ్మ ఊరి అవతల నుంచే వస్తుంది. అంటే పెద్దమ్మ దిక్కు బొగ్గు కరెంటై మా ఇంటికి వస్తే, ఆ కరెంటుతో మేము మళ్ళీ పెద్దమ్మ దగ్గరికే వెళ్తామన్నమాట. ఈ ముక్క అంకుల్‌తో అంటే ఆయన పడీ పడీ నవ్వారు. "పోన్లెండి, పొగ ఒకచోటే ఉంటే దాన్ని పట్టుకోవడం తేలిక" అని ఆయనే నా తరఫున వాదించి లోపలికి వెళ్ళారు. కుత్బుల్లాపూర్ ఫ్యాక్టరీల పక్కన స్కూలు చదువు చదివినదాన్ని, పొగ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్క గొట్టం తగ్గినా తగ్గినట్టే.

ఆ ఎండాకాలం మా కారు మా ఇంట్లో నాలుగో గది అయింది. అమ్మ మధ్యాహ్నం పూట కారులో ఏసీ వేయించుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. "అలవాటు జేస్కుంటున్న" అనేది. రెండు రోజులకు ఎదురింటామె వచ్చి పక్కన కూర్చుంది. వారం తిరిగేసరికి నలుగురు ఆడవాళ్ళు, ఒక బుట్టెడు గోంగూర. సప్పుడు లేదు, పొగ లేదు, ఏసీ ఉంది, ముచ్చట్లకు ఇంతకన్నా ఏం కావాలి! సాయంత్రం నేను డ్యూటీకని తలుపు తీస్తే సీట్ల కింద గోంగూర కాడలు, డ్యాష్‌బోర్డు మీద ఎవరివో కళ్ళద్దాలు, స్క్రీన్ మీద పొద్దున చూసినదాంట్లో సగం ఛార్జింగ్. నేను అరిచేదాన్ని. నలుగురూ కలిసి నన్ను తిరిగి అరిచేవాళ్ళు. కుటుంబానికి ఈ కారు పనికొస్తుందా అని ఎవరైనా అడిగితే నేను మొదట ఆ గోంగూర కాడలే తలుచుకుంటాను.

ఆ ధీమాతో నేను కాలనీ అంతటికీ చాటేశాను. ఈసారి ఒడిబియ్యానికి మా అమ్మను నా కారులోనే తీసుకెళ్తా, దిగేటప్పుడు చీర మడత కూడా నలగదు అన్నాను. పెద్దమ్మకు ఫోన్ చేసి ముహూర్తం పెట్టించమని కూడా చెప్పేశాను.

అంత దూరం ఒక్కసారే ఎందుకని, ఒక ఆదివారం ముందు అలియాబాద్ దాకా వెళ్ళొద్దామన్నాను. శామీర్‌పేట వరకు అమ్మ పాడుతూనే వచ్చింది. అక్కడి నుంచి మాట తగ్గింది. అలియాబాద్‌లో మక్కకంకులు కాల్చే చోట, "ఆపు బిడ్డా" అంది. ఆపాను. అంతే. మక్కకంకుల ఆమె పాపం తన నీళ్ళ బాటిల్ ఇచ్చింది.

నేను పొద్దున తిన్న ఇడ్లీని తిట్టాను, రోడ్డును తిట్టాను, ఎండను తిట్టాను. తీరా చూస్తే తప్పు నా కాలిదే. ఈ కార్లలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, బ్రేకు పడినట్టు వేగం తగ్గిపోతుంది. ఆ తగ్గే వేగంలోంచే కొంత కరెంటు బ్యాటరీలోకి తిరిగి వస్తుంది. ఆ వచ్చే కరెంటు మీద ఆశతో నేను దారంతా కాలు నొక్కుతూ తీస్తూ, నొక్కుతూ తీస్తూ, అమ్మను జల్లెడ పట్టినట్టు పట్టాను. ఆ బ్రేకు తగ్గించుకునే సెట్టింగ్ ఉందని తెలుసుకుని మళ్ళీ వారం కుత్బుల్లాపూర్ దాకా మెల్లగా తీసుకెళ్ళాను. కొంచెం నయం, కానీ అమ్మ కవరు తీసింది.

ఇంటికొచ్చాక అమ్మ, "నీ కారుది ఏం తప్పు లేదు బిడ్డా, నా పొట్టదే" అంది. అంతకన్నా నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ కోసమని కొని, ఊరంతా చాటింపు వేసి, అమ్మను మళ్ళీ చాప మీదే పడుకోబెట్టాను. పెద్దమ్మకు ఏమని ఫోన్ చెయ్యాలో తెలియక ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

బాపు మెట్ల మీద కూర్చుని బీడీ వెలిగించుకోబోయి ఆగాడు. ఎవరితోనో కాదు, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు: "ముప్పై ఏండ్లు నడిపిన. ఘాట్లల్ల నడిపిన, వానల నడిపిన. ఒక్కనాడు కక్కలే. నా పక్కన కూసున్న క్లీనర్లు ఎంతమంది కక్కిర్రో లెక్కలేదు. డ్రైవర్‌కు కక్కులు రావు. స్టీరింగ్ పట్టినోనికి బండి ఎటు తిరుగుతదో ముందుగాల్నే ఎరుక."

అమ్మ వంటింట్లోంచి తడిచేతులతో బయటికి వచ్చింది.

"అయితే నేనే నడుపుత" అంది.

బాపు చేతిలోంచి బీడీ జారి పడింది. నేను నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. "నీకు యాభై ఎనిమిది నిండినయే! సైకిల్ గూడ తొక్కలేదు నువ్వు!" అన్నాడు బాపు. "సైకిల్‌కు బ్యాలెన్సుండాలె. దీనికి నాలుగు గాన్లున్నయి. గేర్లు లేవు, క్లచ్చు లేదు, పొయ్యి వెలిగిచ్చినంత సులువున్నది. నేను రోజు లోపల కూసోని సూస్తనే ఉన్న" అంది అమ్మ. గోంగూర తెంపుతూ ఆమె ఏం చూస్తూ వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

నేర్పుతానంటే నన్ను వద్దంది. నాకు ఓపిక లేదట, అరుస్తానట. నిజమే. బాపే ఉస్తాద్ అయ్యాడు. లారీల దగ్గర ఒక పద్ధతి ఉంది. క్లీనర్‌గా చేరినవాడికి ఉస్తాద్ మొదటిరోజే స్టీరింగ్ ఇవ్వడు. అద్దాలు తుడవాలి, కర్రతో టైర్లు కొట్టి శబ్దం వినాలి, బండిని ఎరుక చేసుకోవాలి. బాపు తన పెళ్ళానికి కూడా ఆ మినహాయింపు ఇవ్వలేదు. పదిహేను రోజులు అమ్మ చీర దోపుకుని అద్దాలు తుడిచింది, రొట్టెల కర్రతో నాలుగు టైర్లనూ టంగు టంగున కొట్టి చెవి పెట్టి వింది. పక్కింటి అంకుల్ ఆ రోజుల్లో శాతం అడగడం మానేసి గోడ మీద మోచేతులు ఆనించి ఆ తతంగమే చూసేవారు.

తరువాత శామీర్‌పేట అవతల ఒక వెంచర్. ప్లాట్లు అమ్ముడైనా ఇళ్ళు లేవని అక్కడ ఖాళీ రోడ్లు ఎన్ని కావాలంటే అన్ని ఉంటాయి. మొదటిరోజు అమ్మ మూడు హద్దురాళ్ళను, ఒక బోర్డును పడగొట్టింది. రెండో వారానికి రాళ్ళు నిలబడ్డాయి. బాపు పక్క సీట్లో కూర్చుని, "లెఫ్ట్ కొట్టు, కొట్టు, ఇగ సీదా చెయ్... అరె జల్దీ కాదే, నిదానంగ!" అని అరుస్తుంటే, అమ్మ, "నువ్వు ఉస్తాద్‌వా, నా అత్తవా?" అని అరిచేది. నేను వెనక కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ముఖ్యమైన సంగతి ఏమిటంటే అమ్మకు ఒక్కసారి కూడా కడుపులో తిప్పలేదు. ఒక్కసారి కూడా!

లైసెన్స్ టెస్టు రోజు మేడ్చల్ ఆఫీసులో అమ్మ తనకంటే నలభై ఏళ్ళు చిన్నవాళ్ళ మధ్య లైన్లో నిలబడింది. పిలవగానే వెళ్ళి కారు ఎక్కకుండా ముందు కర్ర తీసి నాలుగు టైర్లూ కొట్టింది. టెస్టు తీసుకునే ఆఫీసర్ పెన్ను పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. పాసైంది. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర లైసెన్స్ కార్డు ఇంకా రాలేదని, ఫోన్లో వచ్చిన మెసేజ్‌నే అమ్మ పది మందికి చూపించింది.

ఇక ప్రయాణం. పెద్దమ్మ పెట్టించిన ముహూర్తం పన్నెండులోపు. మాకు నూట డెబ్బై కిలోమీటర్లు. ఫుల్ ఛార్జింగ్ ఉంటే ఎక్కడా ఆగకుండా వెళ్ళవచ్చు. ముందురోజు సాయంత్రం నేనే స్వయంగా ఛార్జర్ పెట్టాను. పొద్దున ఆరింటికి పట్టుచీరలో అమ్మ, ఇస్త్రీ అంగీలో బాపు, చేతిలో సకినాల డబ్బాతో నేను వచ్చి స్క్రీన్ చూస్తే యాభై నాలుగు.

ఛార్జర్ స్విచ్ ఆఫ్ చేసి ఉంది.

"ఎవరు ఆర్పారు?" అని నేను వేసిన కేకకు పక్కింటి అంకుల్ లుంగీతో బయటికి వచ్చారు.

"నేనే" అన్నాడు బాపు, చాలా మర్యాదగా. "రాత్రంత కరెంటెక్కిస్తె బ్యాటరీ ఉబ్బదా? నేను లారీ నిలిపినప్పుడల్లా బ్యాటరీ వైరు తీసే పండుకున్న. ముప్పై ఏండ్లల ఒక్క బ్యాటరీ గూడ కరాబ్ గాలే."

ఇక నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఆ కారు తనంతట తానే ఆపుకుంటుందని, ఇది లారీ కాదని, ఇప్పటికి తొమ్మిదేళ్ళయిందని, ముహూర్తం తప్పితే పెద్దమ్మ ముఖం ఎలా చూడాలని నోటికొచ్చినట్టు అరిచాను. బాపు తల దించుకుని నిలబడ్డాడు. ఆ మనిషిని నేను ఎప్పుడూ అలా చూడలేదు. అమ్మ మాత్రం అప్పటికే టైర్లు కొట్టడం పూర్తి చేసి డ్రైవర్ సీట్లో కూర్చుంది.

"ఇగ అరిసింది సాలు, ఎక్కుర్రి. సిద్దిపేట దాక సరిపోతది గద? ఆడ ఎక్కిద్దాం" అంది.

ఏసీ బంద్, అద్దాలు కిందికి. అమ్మ రాజీవ్ రహదారి ఎక్కింది. నిదానంగా, ఒక పక్కన, మేకల మందను తోలుకుపోతున్నంత జాగ్రత్తగా నడిపింది. లారీలు హారన్ కొడితే బాపు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పొమ్మని ఊపేవాడు. వాళ్ళు కూడా తిరిగి చెయ్యి ఊపేవాళ్ళు. గాలికి అమ్మ కొంగు నా ముఖం మీద కొట్టుకుంటోంది. నాకు పొద్దున్నుంచి ఉన్న కోపమంతా ఎక్కడికో పోయింది. అమ్మ మమ్మల్ని తీసుకెళ్తోంది! ఆ ఒక్క మాటే మనసులో పదిసార్లు అనుకుని పదిసార్లూ నవ్వుకున్నాను.

ప్రజ్ఞాపూర్ దాటాక బాపు చెయ్యి ఊపడం ఆపేశాడు. కాసేపటికి మాట్లాడటం ఆపేశాడు. వెనక నుంచి చూస్తే మెడ మీద చెమటలు.

"బాపూ, ఏమైంది?"

"ఏం గాలే."

కుకునూరుపల్లి దగ్గర, "జర పక్కకు ఆపవే" అన్నాడు. దిగి చెట్టు చాటుకు వెళ్ళాడు. ఆ శబ్దం మాకు బాగా తెలిసిందే, ఇన్నేళ్ళూ అమ్మ దగ్గర విన్నదే. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నవ్వకూడదని ఇద్దరం ఎంతో ప్రయత్నించాం. అమ్మే ముందు ఓడిపోయింది. స్టీరింగ్ మీద తల పెట్టి భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వింది. ముప్పై ఏళ్ళుగా ఎడమ పక్క సీట్లో ఇంత దూరం ఎన్నడూ కూర్చోని మనిషి మూతి తుడుచుకుంటూ వచ్చి, "నిన్న తిన్న పప్పు పడలే" అన్నాడు.

"డ్రైవర్‌కు రావు గని, పక్కనోనికి అస్తయట" అంది అమ్మ, నిమ్మకాయ చేతికిస్తూ.

సిద్దిపేటలో ఒక హోటల్ ఆవరణలో ఛార్జింగ్ పాయింట్ ఉంది. ఒక్కటే ఉంది. దానికి అప్పటికే ఒక క్యాబ్ తగిలించి ఉంది. టైమ్ ఎనిమిదిన్నర దాటింది. క్యాబ్ డ్రైవర్ తాపీగా టీ తాగుతున్నాడు. వెళ్ళి అడిగితే ఇంకా ముప్పావుగంట పడుతుందన్నాడు. ఆ తరువాత మాకు ఇంకో ముప్పావుగంట. దారిలో ఏమాత్రం ఆలస్యమైనా ముహూర్తం పోయినట్టే. నేను మళ్ళీ అరవడానికి సిద్ధమవుతుంటే అమ్మ వచ్చి అతనితో మాట్లాడింది.

"బిడ్డా, మా అక్క నాకు ఒడిబియ్యం పోస్తాంది. తొమ్మిదేండ్లాయె. పన్నెండు గొట్టేలోపట కూసోవాలె."

అతను టీ కప్పు కింద పెట్టాడు. "ఒడిబియ్యమా? ముందుగాల్నే చెప్పద్దా అమ్మా! మా అక్కకు పోయిన నెలనే పోసినం" అంటూ లేచి తన బండి వైరు పీకేశాడు. "నాకు దగ్గర్నే పని, ఉన్నది సాలు. మీరు పెట్టుకోర్రి." గోడ పక్కన కూలబడ్డ బాపును చూసి, "బండి నడిపింది గా కాక కాదా?" అని అడిగాడు. నడిపింది అమ్మ అని తెలిశాక అమ్మకు వంగి సలాం చేసి వెళ్ళాడు. అతని పేరు కూడా అడగలేదు. దూరప్రయాణంలో ఈ కార్లు ఆగుతాయి, ఆపుతాయి, ప్రాణం తోడేస్తాయి, అన్నీ నిజమే. కానీ పెట్రోలు బంకులో ఎవరూ ఎవరి ఒడిబియ్యం గురించీ అడగరు.

కారుకు కరెంటు ఎక్కేంతసేపూ బాపు కుర్చీ మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అమ్మ ఆయన నుదురు మీద తడిగుడ్డ వేసింది. "ఇన్నేండ్లు నువ్వు గిట్లనే అయినవా?" అన్నాడు బాపు, కళ్ళు తెరవకుండా.

"గింతకన్న ఎక్కువ" అంది అమ్మ.

బాపు అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. నా ఎదుట వాళ్ళు చెయ్యి పట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. సిగ్గుపడి టీ తెచ్చే నెపంతో అక్కడి నుంచి తప్పుకున్నాను.

పదకొండున్నరకు పెద్దమ్మ ఇంటి ముందు ఆగాం. వాకిట్లో చుట్టాలంతా ఉన్నారు. పెద్దమ్మ పరుగున వచ్చి వెనక తలుపు తెరిచింది, చెల్లెను పట్టుకుని దింపుదామని. ఎదురుగా సకినాల డబ్బాతో నేను. ముందు తలుపు తెరిచింది, పచ్చిపసుపు ముఖంతో బాపు. "మరిదీ, చెల్లె ఏది? మళ్ళ రాలేదా?" అని పెద్దమ్మ గొంతు వణికింది. అప్పుడు అవతలి తలుపు తెరుచుకుని అమ్మ దిగింది. చీర మడత నలగలేదు, కుంకుమ చెదరలేదు.

"గిదేందే!" అని పెద్దమ్మ వేసిన కేకకు కోళ్ళు గోడ ఎక్కాయి. "నువ్వు... నువ్వు తోలినవానే?"

పెద్దమ్మ పక్క గదిలో చాప, బకెట్, చల్ల చెంబు ముందే సిద్ధం చేసి పెట్టింది, ప్రతిసారీ పెట్టినట్టే. అమ్మ ఆ గదివైపు చూడకుండా తిన్నగా లోపలికి నడిచింది. బాపు మాత్రం చెప్పులు విడిచి, ఎవరూ చూపించకుండానే ఆ గదిలోకి వెళ్ళి చాప మీద పడుకున్నాడు. పీటల మీద అమ్మ పక్కన కూర్చోబెట్టడానికి ఆయనను లేపాల్సి వచ్చింది.

అయిదుగురు ముత్తయిదువులూ పోశారు. అమ్మ రెండు చేతులతో కొంగు పట్టుకుని నిండుగా కూర్చుంది. ఒక్క గింజ కింద పడలేదు. మూడో ఆమె పోసేటప్పుడు పెద్దమ్మ ఊపిరి బిగబట్టడం నేను చూశాను. అయిదో ఆమె పోశాక పెద్దమ్మ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. తరువాత అమ్మ మొదటి బంతిలోనే కూర్చుని తిన్నది. మాంసం రెండుసార్లు అడిగి వేయించుకుని మరీ తిన్నది.

భోజనాలయ్యాక నేను ఛార్జర్ వైరు పట్టుకుని ప్లగ్గు ఉన్న బోరు మోటారు గదికి బయలుదేరాను. స్క్రీన్ మీద ముప్పై రెండు ఉంది, తిరుగు ప్రయాణానికి ఇప్పటి నుంచే ఎక్కించాలి. వచ్చేసరికి అమ్మ డ్రైవర్ సీట్లో ఉంది. పక్కన పెద్దమ్మ. అమ్మ ఒంగి అక్కకు బెల్టు పెడుతోంది.

"ఎటు పోతున్నరు? ఛార్జింగ్ లేదమ్మా!"

"నీకెందుకే" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. కారు సప్పుడు లేకుండా మలుపు తిరిగి పోయింది.

రెండు గంటలు గడిచాయి. నేను వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. ఎక్కడ ఆగిపోయారో, ఎవరిని అడుగుతారో అని నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి టైర్లకు ఎర్రమట్టితో, పెద్దమ్మ ముడి ఊడిపోయిన జుట్టుతో, ఇద్దరూ నవ్వుతూ వచ్చారు. లోపల తొంగి చూశాను. పదకొండు శాతం. తిట్లన్నీ నోటి చివర సిద్ధంగా ఉన్నాయి.

"ఎటువోయిర్రు?"

పెద్దమ్మ దిగుతూ నా బుగ్గ పట్టుకుంది. అరవై రెండేళ్ళ ముఖం, ఎండకు ఎర్రగా కంది, చిన్నపిల్లలా ఉంది.

"ఎటన్న బోతం బిడ్డా. పెండ్లిళ్ళయినంక గిట్ల మేమిద్దరమే, ఎవ్వల్లేకుంట ఎటన్న పోవుడు గిదే మొదలు."

నేను వైరు తీసుకుని మోటారు గదికి వెళ్ళాను.